నూరు శరత్తులు

ఆశ్వయుజ బహుళ పక్షమున, తెల్లవారుటకు ఇంకను రెండు గడియల ప్రొద్దుండగా మెలకువ వచ్చి, మంచము దిగి, నాపరాతి బండమీద కాలు మోపినప్పుడు అరికాలికి తగిలెడి చల్లదనము పలనాట పుట్టి పెరిగినవారికి గాని పూర్తిగా తెలియదు. అదే బండ వైశాఖ జ్యేష్ఠములలో ప్రొద్దు గ్రుంకిన తరువాత గూడ పెనమువలె సెగలు చిమ్మును. ఇంటిలో పండుకొనలేక వాకిటికి వచ్చి, వాకిట గాలి లేక, నీళ్లు చల్లిన నులకమంచముమీద దొర్లి దొర్లి రాత్రులు వేగించినవారము మేము. మా సీమలోని రెంటచింతల వేసవి యెండల లెక్కలో ఏటేట పత్రికల కెక్కు గ్రామము. తరువాత వానలు వచ్చును. నల్లరేగడి కాలిని పట్టి విడువదు. తలుపులు ఉబ్బును, పొయ్యిలోని కట్టె పొగయే గాని మంట యెరుగదు, దీపము చుట్టు ఉసిళ్లు ముసురును. ఈ రెండు బాధలును తీరి, బండ మొదటిసారి చల్లబడిన నాడు, పెరటిలో పారిజాతపు పూలు ఎర్రని కాడలు పైకెత్తి బోర్లపడియున్న వేళ, పండుగకు కొట్టిన పిడుగురాళ్ల సున్నపు వాసన ఇంకను పోని గోడల నడుమ నిలిచి, మనుష్యుడు నిష్కారణముగా సంతోషించును. ఆ నిష్కారణమైన సంతోషమును గూర్చియే నాకొక సందేహము చిరకాలముగా నుండెను.

సందేహ మిది. ఇంటిపట్టున నుండి, ఋతువు తెచ్చి యిచ్చిన అల్పములైన సుఖములను, చల్లని బండను, పూల వాసనను, పెనముమీది రొట్టెను, సందె దీపమును, మనసార అనుభవించుట పరమార్థమును గోరువానికి మేలు చేయునా, కీడు చేయునా? శాస్త్రము చదివిన వారిని అడిగితిని. అది యంతయు ప్రేయస్సే, దానిని దాటినవాడే శ్రేయస్సును పొందునని కొందరు చెప్పిరి. గృహస్థునకు ఆ మాత్రము తప్పు లేదని, ఏడ్చు పిల్లవానికి బెల్లపు ముక్క నిచ్చినట్లు, నాకొక సడలింపు నిచ్చి పంపిరి మరికొందరు. మొదటివారి మాట కఠినమైనను గౌరవింపదగినది. రెండవవారి మాట నాకు రుచింపలేదు. ఒకరు క్షమించి విడిచిపెట్టిన సంతోషముతో తృప్తిపడుట నాకు చేతకాదు. అది మంచిదో కాదో నాకు తేలవలెను.

తేల్చుకొనుటకు శరత్తు అను మాటయే నాకు దారి చూపినది. వైదిక భాషలో ఏటికి గల పేర్లలో శరత్తొకటి. వానతో కొలిచి వర్షమనిరి, మంచుతో కొలిచి హిమమనిరి. అయినను దీర్ఘాయువు నాశించి చేతులు జోడించునప్పుడు మన పూర్వులు విశేషముగా నూరు శరత్తులనే అడిగిరి. ఆశ్వయుజ కార్తికములను మరియొకసారి కంటితో చూచినవాడు ఒక యేడు బ్రదికినట్లు లెక్క. ఇప్పటికిని యజుర్వేదులు మాధ్యాహ్నిక సంధ్యలో సూర్యుని జూచుచు చెప్పుకొను మంత్రములలో ఈ కోరిక యున్నది. అందు అడిగినవి ఏమేమని పరికించితిని: చూచుట, బ్రదుకుట, ఆనందించుట, మోదించుట, వినుట, పలుకుట. ఎవరికిని ఓడకుండుటయు నందొకటి. తక్కినవన్నియు ఇంటి యరుగుమీద కూర్చున్న ముదుసలి గూడ చేయగల పనులే.

ఇక కఠోపనిషత్తు. యముని యింట మూడు రాత్రులు అన్నపానములు లేక నిరీక్షించిన నచికేతుడు మూడవ వరముగా మరణానంతర రహస్యము నడిగినప్పుడు, యముడు దానిని తప్పించుకొనుటకై పుత్రపౌత్రులను, పశువులను, ఏనుగులను, బంగారమును, విశాలమైన భూమిని చూపి, నీ కెన్ని శరత్తులు కావలెనో అన్ని శరత్తులు బ్రదుకు మనెను. బాలుడు వలదనెను. ఎన్నోమారులు చదివిన యీ ఘట్టములో శరత్తు అను పదము చాలకాలము నా కంట బడలేదు. పడిన నాడు పుస్తకము మూసి లేచి, పెరటిలోనికి పోయి, చాలసేపు ఊరక నిలుచుంటిని. సంధ్యవేళ తండ్రి ఏ శరత్తుల నడుగుచున్నాడో ఆ శరత్తులనే కుమారుడు త్రోసివేయుచున్నాడు. ఒకచోట ప్రార్థనయైనది ఇంకొకచోట ప్రలోభమైనది. రెండును వేదమే, రెండింటిలో నొకదానిని విడువ నాకు ధైర్యము లేదు.

ఏండ్లు గడచిన పిదప నాకు తట్టిన సమాధానము చెప్పెదను. యముని మాటలో ఎన్ని కావలెనన్న అన్ని యను నొక చేర్పు కలదు. ప్రార్థనలో నూరు అను హద్దున్నది. నూరనగా మనుష్యుని నిండు ఆయువు. అది ముగియును, ముగియునని యెరిగియే అడిగినది. యముడు ఆ హద్దును తొలగించెను. హద్దు తొలగిన శరత్తు ఋతువుగా నుండదు, సొత్తుగా మారును. వచ్చి పోవుట దాని ధర్మము కాగా, పోనీయకుండుటయే దానిని పొందినవాని పని యగును. నచికేతుడు నిరాకరించినది ఆ సొత్తును. ఆతని మొదటి వర మేదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తన తండ్రి కోపము చల్లారి, తాను తిరిగి వచ్చినప్పుడు తన్ను గుర్తించి ప్రేమతో పలుకరింపవలెనని యాతడు కోరెను. నీ తండ్రి ఇక రాత్రులు సుఖముగా నిద్రించునని యముడును అనుగ్రహించెను. బ్రహ్మవిద్య కధికారియైన ఆ బాలుడు ముందుగా కోరుకొన్నవి ఇల్లు చేరుట, తండ్రి పలుకరింపు, ఆ తండ్రి కంటినిండ నిద్ర. ఇంతకన్న అల్పమైన సుఖము లేవి? వానిని ప్రేయస్సని ఆతడు ప్రక్కకు నెట్టలేదు.

ప్రమాణము దొరికినంత మాత్రమున సంశయము పోదు. అనుభవములో పెట్టి చూచుకొనవలెను. నాకు ఆ పరీక్ష సీతాఫలముతో జరిగినది.

పలనాటి గుట్టలమీద ఎవ్వరును నాటకుండ, ఎవ్వరును నీరు పోయకుండ పెరుగు సీతాఫలపు చెట్లు ఈ ఋతువున కాపునకు వచ్చును. వేసవిలో ఆకు రాల్చి ఎండు పుల్లలవలె నిలిచినవి, వాన పడగానే చిగిర్చి, దసరా నాటికి కాయలు దింపును. మా చిన్ననాట వెల్దుర్తి, దుర్గి వైపునుండి గంపలు తలకెత్తుకొని స్త్రీలు వీధి వెంబడి వచ్చెడివారు. మా నాయనమ్మ గంపను దింపించి, దాని ముందు కూర్చుండి, ఒక్కొక్క కాయను అరచేతిలో త్రిప్పి చూచెడిది. "కన్ను విచ్చిందా లేదా చూడరా అబ్బాయ్. విచ్చకుండా కోసింది రాయే, ఎన్నాళ్ళు దాచినా పండదు." కాయమీది గడుల నడుమ సందులు వెడల్పై, అందు లేత పసుపు తేలుటను కన్ను విచ్చుట యందురు. అట్టి కాయలను వరిగడ్డిలో పొదిగి మూలగదిలో ఉంచిన రెండవ నాడో మూడవ నాడో, తలుపు తీయగానే తెలియును. పండినదానిని ఆనాడే తినవలెను. మామిడివలె ఊరగాయ పెట్టుటకు గాని, రేగుపండ్లవలె ఎండబెట్టుటకు గాని, చింతపండువలె ఏడాదికి నిలువ చేయుటకు గాని అది లొంగదు. వ్రేలు తగిలిన విచ్చిపోవు దానిని దూరదేశపు బంధువునకు పంపుటకును వీలు లేదు. తినుటలో తొందరకును వీలు లేదు. తొన తొనకు నల్లని గింజ యొకటి నాలుక కడ్డుపడి, నెమ్మదిగా పొమ్మని చెప్పును. అందుచేత మా యింట పండ్లు మాగిన నాడు వీధిలోని పిల్లలందరును అరుగుమీద చేరెడివారు. ఎవరికెక్కువ గింజలు వచ్చినవో లెక్క పెట్టుకొనెడివారము. నాయనమ్మ పంచుచు, "దాచుకోమాకండ్రా, తినండి. రేపటికి అది ఉండదు" అని మరిమరి చెప్పెడిది.

యోగశాస్త్రమున అపరిగ్రహమని యొక యమము కలదు; అవసరమునకు మించి కూడబెట్టకుండుట దాని తాత్పర్యము. నేను దానిని గ్రంథమున చదివినది యౌవనమున. కాని గింజలు ఉమ్ముచు అరుగుమీద కూర్చున్న నాడే అది నాకు కొంత అబ్బెనని ఇప్పుడు తోచుచున్నది. కూడబెట్ట శక్యము కాని సుఖమును మనుష్యుడు రెండు విధములుగా మాత్రమే ఎదుర్కొనగలడు: రేపు ఉండదని యేడ్చి యీనాటి దానిని గూడ చెడగొట్టుకొనుట యొకటి, నలుగురిని పిలిచి తినుట రెండవది. శరత్తు ఇచ్చు సుఖములన్నియు ఇట్టివే. పారిజాతము ప్రొద్దెక్కగానే వాడును. పున్నమి వెన్నెల మరునాటికి తరుగును. బండ చల్లదనము ధనుర్మాసము నాటికి కొరికెడి చలి యగును. ఇవి మన కామమునకు చిక్కుటకు ముందే జారిపోవును. కనుకనే ఇవి మనలను కట్టివేయవు.

శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులలో మా సీమకు మంచి మాట లేదు. ఇచ్చటి రాళ్లను, నీటి యెద్దడిని, జొన్నకూటిని ఆయన గేలి చేసెను. రసికుడు రాదగిన చోటు కాదని తీర్పు చెప్పెను. పలనాటి వీరుల కథను ద్విపదగా పాడినవాడని ఆయనకు మేమెల్లరము ఋణపడియున్నాము, ఆ భక్తి నాకును గలదు. అయినను జొన్న విషయమున ఆ మహాకవి తొందరపడెననియే నా నమ్మకము. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండవద్ద నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలినది మొదలు, కుడికాలువ పారిన మేర వరియన్నము వచ్చి జొన్నను వెనుకకు నెట్టినది. ఆకలి తీరినందులకు ఎవ్వరమును విచారింపరాదు. కాని మరుగునీళ్లతో కలిపిన పిండిని పీటమీద అరచేత తట్టుచుండగా వంటయింటినుండి వచ్చు ఆ చప్పుడు, పెనముమీద పొంగిన రొట్టె వాసన, ప్రక్కన గోంగూర, దానిమీద కరగుచున్న వెన్న! అట్లతద్దెనాడు చుక్క లుండగనే లేచి, క్రిందటి నాడు పెట్టుకొన్న గోరింట చేతులతో ముద్దలు తిని, ఉయ్యాల చెట్టువద్దకు పరుగెత్తు ఆడపిల్లల కేకలు విని, ఆ నవ్వు చాలని రసికుడెట్టి రసికుడని యడుగ నా కిప్పటికిని ఆశ.

కార్తికము వచ్చిన తోడనే ఈ సుఖములకు ధర్మము ఒక కట్టుబాటు చేయును. ఇందు నాకు మిక్కిలి లోతైన యెరుక కనబడును. పగలెల్ల ఉపవసించి, చుక్కను చూచిన పిమ్మట భుజించుటను నక్తమందురు. మా యిండ్లలో ఆడవారు నత్తమని పలుకుదురు. ఉపవాసము అన్నముమీది ద్వేషమువలన పుట్టినదైనచో రాత్రి భోజన మెందుకు? నత్తమున్న నాటి ముద్దకు గల రుచి తక్కిన దినములలో లేదని మా అమ్మ చెప్పెడిది, నేనును ఎరుగుదును. ఎదురుచూచుట వ్రతము, చుక్క పొడుపు దర్శనము, అన్నము ప్రసాదము. ఇంద్రియమును చంపుట ఈ వ్రతమున ఎచ్చటను లేదు. ముప్పొద్దుల తిండిచేత మొద్దుబారిన నాలుకకు దాని పదునును మరల దానికే ఇచ్చుట యున్నది. అట్లే తెల్లవారుజాము స్నానము. చన్నీళ్లు పడి వణకిన యొడలికి మడిబట్ట వెచ్చదనము ఎంత పెన్నిధియో!

ప్రత్తి కాయలు పగిలి చేలు తెల్లబడునది ఇప్పుడే. తొలి తీతలో గుప్పెడు ప్రత్తిని మా అమ్మ ఎవరికిని అమ్మనీయక దేవుని గూటిలో దాచెడిది. మధ్యాహ్నము పని తీరిన తరువాత గింజ లేరి, దూదిని సాగదీసి, పువ్వొత్తులును అడ్డొత్తులును చేయుచు కూర్చుండెడిది. చుట్టు ప్రక్కల అమ్మలక్కలును వచ్చి చేతులు కలిపెడివారు. పున్నమినాడు వెలిగింపవలసిన మూడువందల అరువదియైదు వత్తుల కట్ట ఆ ముచ్చట్లలోనే సిద్ధమయ్యెడిది. ఏడాదిలో దీపము పెట్టలేకపోయిన దినములన్నింటికిని అది పరిహారమందురు. ఒక నాడు వారి మాటలను వినుచు తలుపు చాటున నిలిచియుంటిని: కాన్పులు, కోడళ్లు, వర్షము, మిరపతోట తెగులు, ఒకరి మృతి, ఒకరి పెండ్లి. చేతులు మాత్రము ఆగలేదు. అది జపమా కబుర్లా యని యెవరైన అడిగియున్నచో ఆ స్త్రీలు ప్రశ్న యర్థము గాక నవ్వియుందురు.

ఇల్లు అను మాటకు వత్తును. వ్యాసభారతమున అరణ్యపర్వమునందు యక్షుడు ధర్మరాజును, సంతోషించువా డెవడని యడిగెను. దినము ఐదవ పాలో ఆరవ పాలో గడచిన తరువాతనైనను, తన యింట తాను కూరాకు వండుకొని తినువాడు, అప్పు లేనివాడు, పరదేశమున పడియుండనివాడు సంతోషించునని ధర్మజుడు చెప్పెను. నలుగురు తమ్ములును నేల గూలియుండగా, రాజ్యము పోయి, అడవిలో, ప్రాణము పందెముగా నిలిచినవాడు ఇచ్చిన ఉత్తరమిది. ఈ మూటిలో నొక్కటియు నప్పు డాతనికి లేదు. ఇల్లు లేదు, ఉన్నది ప్రవాసము, తీర్చవలసిన ప్రతిజ్ఞలు మెడమీద నున్నవి. సంధ్యామంత్రమున మనము అడుగు మోదమే ఆ శ్లోకమునను క్రియయై కూర్చున్నది. అందు వస్తువు ఒక్కటే, కూరాకు. తక్కిన రెండును వస్తువులు కావు. ఒకరికి బాకీ పడకుండుట, తన చోట తానుండుట.

ప్రవాస మెట్టిదో నేను కొంత చూచితిని. ఉద్యోగమునకై కొన్నేండ్లు చెన్నపట్టణమున నుంటిని. అచ్చట ఆశ్వయుజ కార్తికములే వానకాలము; దీపావళినాడు గొడుగు క్రింద నిలిచి ప్రమిద వెలిగించితిని. ఆ వాన ఎవరి తప్పును కాదు, ఆ పట్టణము నాకు అన్నము పెట్టినది. అయినను నా శరత్తుల లెక్కలో ఆ యేండ్లు చేరవని నా గుండె చెప్పును. అప్పు సంగతి ఇంతకన్న కఠినము. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని కాల్చివేసిన నాటి కార్తికమును నేను మరువలేను. మందులకును ఎరువులకును తెచ్చిన బాకీ తీరు దారి కానక ప్రాణములు విడిచిన రైతుల వార్తలు వచ్చుచుండెను. వాకిట దీపము పెట్టని యిండ్లు ఆ యేడు మా వీధిలో నుండెను. అట్టి యింటి యరుగుమీద కూర్చుండి పారిజాతపు పరిమళమును గూర్చి యుపన్యసించువాడు వేదాంతి కాడు, కఠినాత్ముడు. అల్పసుఖములను అనుభవించుటకు గూడ ఒక భూమిక కావలెను. ఆ భూమిక అప్పులవాని చేతిలో నున్నంత కాలము మనస్సును నిలుపుకొమ్మని వానికి చెప్పుటకు మనకు హక్కు లేదు. ధర్మరాజు సంతోషపు లక్షణములలో ఋణము లేకుండుటను చేర్చినది ఉబుసుపోక గాదు.

సన్న్యాసియు గృహస్థుడును ఒకే ఋతువును ఎట్లు పంచుకొనిరో చూడవలెనన్న మాచెర్లకు పడమరగా కృష్ణయొడ్డునకు పోవలెను. సాగరపు నీటి క్రింద నిప్పుడు మునిగియున్న నాగార్జునకొండ లోయలో, క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల విజయపురి యుండెను. బౌద్ధభిక్షువులు వర్షకాలపు మూడు మాసములును ఒకచోటనే నిలిచి, ఆశ్వయుజ పూర్ణిమనాడు ఒకరి యెదుట నొకరు కూర్చుండి, నాలో మీరు కన్న, విన్న, అనుమానించిన దోషము లేవైన నున్న చెప్పుడని వేడుకొని, ఆ మీదట బయలుదేరెడివారు. ఆ పూర్ణిమనుండి కార్తిక పూర్ణిమ వరకు గృహస్థులు వారికి వస్త్రము లిచ్చెడి కాలము. గృహస్థునికి శరత్తు ఇల్లు చేరు ఋతువైనచో భిక్షువునకు వాకిలి దాటు ఋతువు. నడుమ నొక వస్త్రము. ఆ లోయలోని మహాచైత్యమును వీరపురుషదత్తుని ఆరవ రాజ్యవర్షమున చాంతిసిరి యను రాజకులస్త్రీ పూర్తి చేయించినది. స్తంభములమీద ప్రాకృతమున ఆమె చెక్కించిన కోరికను చదివినప్పుడు నా సందేహమునకు మరియొక ముడి విడినది: తన రెండు కులములవారికిని ఇహపరములు రెండింటను హితమును సుఖమును కలుగుటకును, తనకు నిర్వాణ సంపద సిద్ధించుటకును ఆమె ఆ దానము చేసినది. సుఖమును నిర్వాణమును ఒక్క వాక్యములో, ఒక్క రాతిమీద, బెరుకు లేక ప్రక్కప్రక్కన నిలిపినది. ఆ కొండకు పేరిచ్చిన నాగార్జునాచార్యుడు సంసారమునకును నిర్వాణమునకును అణుమాత్రమును భేదము లేదని తర్కముతో సాధించెను. ఆయన తర్కము నాకు కష్టముతో గాని పట్టుబడదు. ఆ రాజస్త్రీ వాక్యము వెంటనే పట్టుబడినది.

కొండలలో నింకొకటి, నరసరావుపేట చెంత త్రికూటేశ్వరుని కోటప్పకొండ. కార్తిక సోమవారములలో మెట్లెక్కు జనమును చూచినపుడెల్ల నాకు ఆనందవల్లి జ్ఞప్తికి వచ్చును. స్థలపురాణము చెప్పు ఆ గొల్లభామ దినదినము కొండ యెక్కి స్వామిని సేవించినది; గర్భిణియై ఎక్కలేకపోయినప్పుడు, నేనే నీ యింటికి వచ్చెదను, వెనుదిరిగి చూడకుమని స్వామి యనెను; ఆమె చప్పుడు విని వెనుదిరిగి చూచినచోటనే ఆయన నిలిచిపోయెను. తైత్తిరీయోపనిషత్తున రెండవ వల్లికిని ఆనందవల్లి యనియే పేరు. అందు మనుష్యానందమునుండి బ్రహ్మానందము దాక నూరేసి రెట్లుగా లెక్క గట్టి, మెట్టు మెట్టుననుండు ఆనందమును కామము చేత దెబ్బతినని శ్రోత్రియున కప్పుడే యున్నదని చెప్పబడినది. ఆనందములు జాతిచేత వేరు కావు, పరిమాణముచేతనే వేరు. అన్నిటికిని ఒక్కటియే తాళపుచెవి. గొల్లభామ కథలో నన్ను కదిలించునది దైవము ఆమె యింటివైపు బయలుదేరుట. తపస్సు చేయ కొండమీదికి రమ్మని కాదు, నేనే మీ వాకిటికి వచ్చెద నని.

కార్తిక బహుళ అమావాస్యనాడు నాగులేటి యొడ్డున కారెంపూడిలో పలనాటి వీరుల యుత్సవము మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని దినమున కొక పేరు. కోడిపందెపు పంతము ముదిరి, యిండ్లు విడిచిపోయి, తిరిగి రాని వారి యాయుధములు అచ్చట పూజలందును. బ్రహ్మనాయుడు కులభేదము లేక ఒక్క చాపమీద భోజనము పెట్టిన చాపకూడు ఇప్పటికిని జరుగును. ఋతువు ముగియు వేళ ఇల్లు కోల్పోయినవారిని తలచి అందరును కలసి అన్నము తినుట నాకు సమంజసముగా దోచును.

ఆ యమావాస్యకు మరునాడే మార్గశిర శుద్ధ పాడ్యమి, పోలిని స్వర్గమునకు పంపు దినము. కథ అందరెరిగినదే. అత్తయు తోడికోడండ్రును పోలిని ఇంటనే విడిచి, దీపములు గొని నదికి పోయిరి. ఆమెకు నూనె లేదు, వత్తి లేదు. పెరటి ప్రత్తిచెట్టు క్రింద రాలిన దూదిని ఏరి, కవ్వమున కంటుకొన్న వెన్నను తీసి, నూతిగట్టున దీపము పెట్టి, ఎవరును చూడకుండ బుట్ట బోర్లించినది. విమానము నదికి పోలేదు. ఆ యింటి వాకిటనే దిగినది.

మా యూరికి ఏరు దూరము. ఆ దినమున తెల్లవారకముందే అమ్మ ఇత్తడి పళ్లెరమున నీళ్లు నింపి, అరటిదొప్పలో రెండు వత్తులు వెలిగించి, తులసికోట ముందు వదలెడిది. "ఏటికి తీసుకుపోతాను రావే అమ్మా" అని ఒక యేడు అడిగితిని. "ఏరేడుంటే ఏందిరా, నీళ్ళు నీళ్ళేగా" అని, వ్రేలికొనతో నీటిని మెల్లగా కదిపినది. దొప్ప పళ్లెరము అంచు చుట్టి మరల ఆమె వైపునకు వచ్చెను. అడుగున బండ చల్లగా నుండెను. ఇద్దరమును వత్తులు కొండెక్కు వరకు అచ్చటనే కూర్చుంటిమి.